నాన్న పాన్ మీద అమ్మ పింఛను

శ్రోతలకు నమస్కారం.

మా నాన్నగారు రైల్వేలో చేసి రిటైరయ్యారు. నెలాఖరున పింఛను పడగానే బ్యాంకుకెళ్లి పాస్‌బుక్‌లో ఎంట్రీ వేయించుకొచ్చి, ఆ వరుస పక్కన పెన్సిల్‌తో చిన్న టిక్కు పెట్టుకునేవారు. ఓ ఆగస్టులో ఆయన పోయారు. సెప్టెంబరు నుంచి అమ్మకు ఫ్యామిలీ పెన్షన్ మొదలైంది. డబ్బు విషయంలో ఏ ఇబ్బందీ రాలేదు. మరుసటి జూన్‌లో బ్యాంకు ఇచ్చిన ఫారం 16, అంటే ఏడాదిలో ఎంత ఇచ్చిందీ, ఎంత పన్ను కోసిందీ చెప్పే సర్టిఫికెట్, చూశాకే గుండె గుభేలుమంది.

పేరు నాన్నది. పాన్ నంబరు నాన్నది. ఏప్రిల్ నుంచి మార్చి దాకా పన్నెండు నెలల పింఛనూ ఆయనే తీసుకున్నట్టు రాసుంది. కోసిన పన్ను కూడా ఆయన పాన్ మీదే జమ అయింది. అమ్మ పాన్‌తో ఆదాయపు పన్ను పోర్టల్‌లో ఫారం 26ఏఎస్, అంటే ఆ పాన్ మీద జమైన పన్నుల పట్టిక, తీసి చూస్తే ఆమె పింఛను ఊసే లేదు. అమ్మ ఆ కాగితాన్ని చాలాసేపు చేత్తో పట్టుకుని, "మీ నాన్న ఇంకా ఉన్నారనుకుంటున్నారేమిట్రా వాళ్లు?" అంది. నాకు నోట మాట రాలేదు.

అసలు ఇది ఎలా జరుగుతుందో చెబుతాను. పింఛను అంటే చట్టం దృష్టిలో జీతమే. అందుకే కేంద్ర ప్రభుత్వ పింఛను ఇచ్చే బ్యాంకు, ఉద్యోగి జీతంలోంచి యజమాని కోసినట్టే టీడీఎస్, అంటే డబ్బు ఇచ్చే ముందే పట్టుకునే పన్ను, కోయాలి. మూడు నెలలకోసారి ఎవరికి ఎంత ఇచ్చిందీ, ఎంత కోసిందీ పాన్ నంబర్లతో సహా ఆదాయపు పన్ను శాఖకు లెక్క పంపాలి. మన 26ఏఎస్‌లో కనిపించేది ఆ లెక్కే. మన రాష్ట్ర ప్రభుత్వాల పింఛనుదారులకైతే ఈ పని ట్రెజరీ చూస్తుంది. భర్త పోయాక భార్యకు వచ్చే పింఛను చాలాసార్లు అదే పీపీఓ (పింఛను చెల్లింపు ఉత్తర్వు) నంబరు మీద, అదే జాయింట్ ఖాతాలో నడుస్తుంది. కంప్యూటర్‌లో పేరు మార్చినవాళ్లు పాన్ మార్చడం మరిచిపోతే, శాఖకు సంబంధించినంతవరకు పోయిన మనిషే పింఛను తీసుకుంటున్నట్టు.

ఇంకో సంగతి ఉంది. ఇది నాకు కూడా అప్పుడే తెలిసింది. ఫ్యామిలీ పెన్షన్ జీతం కిందకు రాదు. అమ్మ ఎవరి దగ్గరా ఉద్యోగం చేయలేదు కదా! అది 'ఇతర ఆదాయం' కింద చూపించాలి. దాని మీద టీడీఎస్ కోయాల్సిన పని లేదు. కొత్త పన్ను విధానంలో 2024-25 నుంచి, వచ్చిన దాంట్లో మూడో వంతు గానీ 25,000 రూపాయలు గానీ, ఏది తక్కువైతే అది తీసేసి మిగతాది లెక్క వేస్తారు. పాత విధానంలో ఆ పరిమితి 15,000. సొంత పింఛనుకు కొత్త విధానంలో దొరికే 75,000 స్టాండర్డ్ డిడక్షన్, అంటే అందరికీ ఒకేలా ఇచ్చే తగ్గింపు, దీనికి వర్తించదు.

టీడీఎస్ కోయలేదంటే పన్ను లేదని మాత్రం అనుకోకండి. టీచరుగా రిటైరైన ఒకావిడ ఉన్నారనుకుందాం. 2025-26లో ట్రెజరీ నుంచి సొంత పింఛను 8,50,000, భర్త తాలూకు ఫ్యామిలీ పెన్షన్ బ్యాంకు నుంచి 5,00,000 వచ్చాయి. ట్రెజరీకి తన లెక్కే కనిపిస్తుంది, దాని మీద పన్ను పడదు. బ్యాంకు అసలు కోయనే కోయదు. కానీ రెండూ కలిపి, తగ్గింపులు పోను 12,50,000 తేలుతుంది. కొత్త విధానంలో 12 లక్షల దాకానే పూర్తి రిబేటు, అంటే పన్ను మాఫీ. సెస్సుతో కలిపి ఆవిడ కట్టాల్సింది 52,000. వ్యాపార ఆదాయం లేని సీనియర్ సిటిజన్‌కు ఏడాది మధ్యలోనే ముందుగా కట్టే అడ్వాన్స్ టాక్స్ బెడద లేదు కాబట్టి, గడువులోగా రిటర్న్ వేసేటప్పుడు కడితే చాలు. అయినా ఒక్కసారిగా 52,000 అంటే ఎవరికైనా టెన్షనే. ముందే తెలిస్తే నెలనెలా కొంత పక్కన పెట్టుకుంటారు.

   

మళ్లీ మా అమ్మ సంగతికొస్తాను. బ్రాంచిలో "మా చేతుల్లో లేదండీ, పింఛన్ల సెంటరు చూడాలి" అన్నారు. అది నిజమే. బ్యాంకులు పింఛన్ల పనంతా ఒక కేంద్రీకృత విభాగంలో చేస్తాయి. డెత్ సర్టిఫికెట్, అమ్మ పాన్ కాపీ, పాస్‌బుక్ పేజీలు జతచేసి, బ్రాంచి ద్వారా ఆ సెంటరుకే ఉత్తరం రాశాం. అడిగింది ఒకటే: శాఖకు పంపిన లెక్కను సవరించి మళ్లీ పంపమని. బ్యాంకు సవరించనిదే 26ఏఎస్ మారదు. ఇప్పుడైతే పోర్టల్‌లోనే ఉండే ఏఐఎస్ అనే వార్షిక ఆదాయ వివరాల పట్టికలో 'ఈ వివరం వేరే పాన్‌కు సంబంధించినది' అని మనమే అభ్యంతరం నమోదు చేసే వీలుంది. నాన్న బతికున్న నెలలకు ఆయన రిటర్న్ వేయడానికి నేను పోర్టల్‌లో చట్టబద్ధ వారసుడిగా రిజిస్టర్ చేసుకున్నాను.

సవరణ పడేసరికి రెండు నెలలు దాటింది. కొత్త 26ఏఎస్ ప్రింటు తీసి అమ్మకిచ్చాను. కళ్లజోడు పెట్టుకుని, తన పాన్ నంబరు ఒక్కో అక్షరం కార్డుతో సరిచూసుకుంది. తర్వాత నాన్న పాస్‌బుక్ కవర్లోంచి ఆ పొట్టి పెన్సిల్ తీసి, సెప్టెంబరు వరుస పక్కన టిక్కు పెట్టింది.

సెలవు.