తెర వెనక పని నేర్పేదెవరు?

(శ్రీకాకుళంలో ఒక నాటిక ప్రదర్శనకు ముందు, వేదిక మీదే రికార్డు చేసిన సంభాషణ)

హోస్ట్: అందరికీ నమస్కారం. ఈసారి మనం గదిలో కూర్చుని మాట్లాడుకోవడం లేదు. శ్రీకాకుళం బాపూజీ కళామందిర్ వేదిక మీద, సైడ్ వింగు, అంటే నటులు వచ్చిపోయే పక్క తెర దగ్గర, రెండు కుర్చీలు వేసుకున్నాం. సాయంత్రం ఇక్కడ నాటిక ఉంది. లైట్ల లారీ ఇంకా రాలేదు కాబట్టి మాస్టారు కాసేపు దొరికారు. ముప్పై ఏళ్లకు పైగా మన శ్రీకాకుళం, విజయనగరం ఊళ్లలో నాటకాలకు లైటింగ్ చేస్తున్నారు. పేరు వద్దన్నారు. అందరూ పిలిచినట్టే నేనూ మాస్టారనే పిలుస్తాను. నమస్కారం మాస్టారూ.

మాస్టారు: నమస్కారం అమ్మా. ఆ మైకు వైరు కాళ్ల దగ్గర వద్దు, కాస్త గోడవైపు జరుపు. ఆఁ, అలాగ.

హోస్ట్: ఈ పని మీకు ఎవరు నేర్పారు?

మాస్టారు: ఎవరూ నేర్పలేదు. ఐటీఐలో ఎలక్ట్రీషియన్ ట్రేడ్ రెండేళ్లు చదివాను. మా ఊళ్లో పండక్కి హరిశ్చంద్ర వేస్తున్నారు. మైకు సెట్టు ఆయన నన్ను చూసి, "ఒరే, నువ్వు కరెంటు పని చదివావు కదా, నిచ్చెనెక్కు" అన్నాడు. ఎక్కాను. అప్పటికి నాకు పందొమ్మిదేళ్లు.

హోస్ట్: ఆ రాత్రి జరిగింది మన వాళ్లకు చెప్పండి. నాకు ఫోన్లో చెప్పినప్పటి నుంచీ అదే గుర్తొస్తోంది.

మాస్టారు: నాలుగు హాలోజన్ లైట్లు, ఒక్కోటి 1000 వాట్లు. నాలుగూ ఒకే ప్లగ్గు మీద. లెక్క చూడు: 230 వోల్టులు, 15 ఆంపియర్లు, గుణిస్తే 3450 వాట్లు. మూడు లైట్లతోనే నిండిపోయినట్టు. నాలుగోది పెడితే వైరు కాగుతుంది. ఈ లెక్క నేను పరీక్షలో రాసినవాణ్ణే. స్టేజీ ఎక్కాక జనం, హార్మోనియం, హడావిడి... బుర్రలోంచి ఎగిరిపోయింది. పక్కనుండి గుర్తుచేసే పెద్దవాడు ఒక్కడూ లేడు. కాటి సీను నడుస్తుంటే నా పక్కనే, వాసానికి కట్టిన జాయింటులోంచి పొగ వచ్చింది. దానికి ఇన్సులేషన్ టేపు కూడా లేదు, ప్లాస్టిక్ కవరు చుట్టి ఉంది. కంగారులో చేత్తోనే లాగేశాను. అరచెయ్యి కాలింది. లైట్లన్నీ పోయాయి.

హోస్ట్: నాటకం?

మాస్టారు: ఆగలేదమ్మా. హరిశ్చంద్ర వేషం వేసినాయన చీకట్లోనే పద్యం పూర్తిచేశాడు. జనం కూడా కదలకుండా విన్నారు. మర్నాడు ఊరంతా ఆయన్ని మెచ్చుకుంది. మెచ్చుకోవలసిన పనే. నీ చెయ్యి ఎలా ఉందిరా అని మాత్రం నన్నెవరూ అడగలేదు. వాళ్లు చెడ్డవాళ్లు కాదు. నిచ్చెన మీద ఒక కుర్రాడున్నాడన్న సంగతే వాళ్లకి తట్టలేదు. తర్వాత నాకు ఒక పట్టుదల ఏర్పడింది. నా దగ్గరికి వచ్చిన పిల్లల్ని, నేర్పకుండా నిచ్చెన ఎక్కించను.

హోస్ట్: మరి మీ దగ్గర మొదటి పాఠం ఏంటి?

మాస్టారు: నిచ్చెన పట్టుకోవడం. నెల రోజులు అదే. పైన మనిషి ఉన్నంతసేపు కిందున్నవాడు చెయ్యి వదలకూడదు, ఫోను తియ్యకూడదు, ఎవరు పిలిచినా కదలకూడదు. పైకే చూస్తూ ఉంటాడు కాబట్టి ఏ లైటు ఎక్కడ కడుతున్నాం, ఎంత వంచుతున్నాం అన్నీ కళ్లలో పడతాయి. ప్రతి లైటుకీ క్లాంపుతో పాటు సేఫ్టీ చైను ఉండాలి. పానా నడుముకి తాడుతో కట్టుకోవాలి. జారితే కింద ఎవరి తల ఉంటుందో తెలీదు. తర్వాత వైరు చుట్టడం. మెలి పడకుండా వైరు చుట్టడం రానివాడికి డిమ్మర్, అదే లైట్ల వెలుగు పెంచి తగ్గించే పెట్టె, ఇవ్వను.

హోస్ట్: పిల్లలు విసుక్కోరా? ఇప్పుడు ఫోన్లోనే లైట్లు ఆడించే యాప్‌లు ఉన్నాయి కదా.

మాస్టారు: విసుక్కుంటారు. కొంతమంది వెళ్లిపోతారు కూడా. ఎల్‌ఈడీ వచ్చాక కరెంటు భారం తగ్గింది, వేడి తగ్గింది, మంచిదే. కానీ ఒక్క లైటులో అన్ని రంగులూ ఉండేసరికి పిల్లలు రంగులు మార్చడమే లైటింగ్ అనుకుంటున్నారు. నేను వాళ్లని ఖాళీ స్టేజీ మీద ఒక స్టూలేసి కూర్చోబెడతాను. ఒకే ఒక్క లైటు. నెత్తి మీద నుంచి వేస్తే కళ్ల కింద గుంటలు పడతాయి. ఎదురుగా వేస్తే ముఖం పలకలా చదునైపోతుంది. ముందు నుంచి కాస్త పక్కకి జరిపి, పైనుంచి 45 డిగ్రీల్లో వేస్తే ముక్కు, దవడ, కళ్లు అన్నీ పలుకుతాయి. ఆ తేడా కనిపెట్టిన రోజు పిల్లాడి ముఖం చూడాలి. నేను ఈ పనిలో ఉన్నది దానికోసమే అనిపిస్తుంది.

హోస్ట్: నేను కాలేజీలో రెండు నాటికలకు ప్రాంప్టింగ్ చేశాను, అంటే నటులు మర్చిపోయిన డైలాగు పక్కనుంచి అందించడం. అప్పుడు తెలిసింది, వింగులో నిలబడిన మనిషికి నాటకం మొత్తం వేరేగా వినిపిస్తుంది. నటుడు డైలాగు మర్చిపోయి ఆగాడా, భావం కోసం ఆగాడా అన్నది ఊపిరిని బట్టి తెలుసుకోవాలి. తొందరపడి అందిస్తే సీను పాడవుతుంది. ప్రాపర్టీలూ, అంటే నటులు చేతబట్టే వస్తువులు చూసుకోవడమూ, నా పనే. ఒకసారి ఉత్తరం లేకుండా నటుణ్ణి స్టేజీ మీదికి పంపేశాను. ఖాళీ చెయ్యి చూసుకుని ఆయన నాకేసి చూసిన చూపు ఇప్పటికీ మర్చిపోలేదు.

మాస్టారు: బల్ల పెట్టుకోలేదా?

హోస్ట్: బల్ల పెట్టాలని ఎవరూ చెప్పలేదు మాస్టారూ!

మాస్టారు: చూశావా. వింగులో ఒక బల్ల, దాని మీద సుద్దతో గళ్లు, ఏ గడిలో ఏ వస్తువో రాసి పెట్టాలి. గడి ఖాళీగా కనిపిస్తే వస్తువు ఎవరి దగ్గరో ఉన్నట్టు. ఐదు నిమిషాల్లో నేర్పే పని. ఆ ఐదు నిమిషాలు ఎవరూ ఇవ్వలేదు నీకు.

హోస్ట్: ఇక్కడే నాకు బాధేస్తుంది. మనది నాటకాల గడ్డ. 1892లో విజయనగరంలోనే కదా కన్యాశుల్కం మొదటిసారి ఆడింది. అదే ఊళ్లో సంగీత కళాశాల 1919లో పెట్టారు, ఇప్పటికీ నడుస్తోంది. పాటకీ, వీణకీ, వయొలిన్‌కీ వందేళ్లకు పైగా బడి ఉంది. తెర కట్టేవాడికి, రంగు వేసేవాడికి, లైటు వేసేవాడికి మన రెండు జిల్లాల్లో అలాంటి బడి లేదు.

మాస్టారు: చేతిపని లేక కాదమ్మా. సిరిమాను చూడు. దసరా వెళ్లిన మంగళవారం పైడితల్లమ్మకి అంత పొడవు చింతమాను బండి మీద నిలబెట్టి, చివర పూజారిని కూర్చోబెట్టి, జనం మధ్య తిప్పుతారు. ఆ కట్టు, ఆ బరువు లెక్క తెలిసిన చేతులున్న ఊరు మనది. స్టేజీ మీద బరువులు వేలాడదీసే పనికి కావలసింది కూడా అదే జాగ్రత్త. ఆహార్యానికి, అంటే వేషాల దుస్తులకి వస్తే, ఖద్దరు నేసే పొందూరు పక్కనే ఉంది. పాలియెస్టర్ గుడ్డ లైటు పడగానే తళుక్కుమంటుంది, పాతకాలం కథలో పేదవాడి పాత్రకి పెడితే సీను అబద్ధమైపోతుంది. ఖద్దరు వెలుగుని తాగేస్తుంది. ఇవన్నీ ఎక్కడో అక్కడ మన వాళ్లకి తెలుసు. ఒకచోట చేర్చి పిల్లలకి అందించేవాళ్లే లేరు.

హోస్ట్: సురభి నాటక సమాజం వాళ్లకి ఇల్లే బడి కదా.

మాస్టారు: అవును. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో కీచక వధతో మొదలైన కుటుంబాలు. పిల్లలు తెరల మధ్యే పెరుగుతారు. ఒక సీన్లో వేషం కట్టినవాడే ఇంకో సీన్లో తాడు లాగుతాడు. అందుకే వాళ్ల వానలూ, మంటలూ, ఆకాశంలో ఎగిరే పాత్రలూ అంత నమ్మకంగా వస్తాయి. మరి ఆ ఇంట్లో పుట్టని పిల్లాడు? నరసన్నపేటలోనో గజపతినగరంలోనో ఇంటర్ చదివి, నాటకమంటే ఇష్టమున్న పిల్లాడు ఎవరి తలుపు తట్టాలి?

హోస్ట్: చదువు దారులు కొన్ని ఉన్నాయి. విశాఖలో ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో రంగస్థల కళల విభాగం ఉంది, మనకి బస్సు దూరమే. ఢిల్లీలో నేషనల్ స్కూల్ ఆఫ్ డ్రామా, 1959లో పెట్టింది, మూడేళ్ల కోర్సు. నటన ఒక్కటే కాదు, సెట్లు, లైట్లు, దుస్తుల డిజైనూ నేర్పుతారు, చదువుకునేటప్పుడు స్టైపెండ్ ఉంటుంది. డిగ్రీ, నాటకాల్లో పనిచేసిన అనుభవం అడుగుతారు. హిందీ, ఇంగ్లీషు పని నడిచేంత రావాలి.

మాస్టారు: ఆ భాష దగ్గరే మన పిల్లలు ఆగిపోతారు. టెన్షన్ పడి దరఖాస్తే పెట్టరు. పెట్టాలి. వెళ్లి ఓడిపోయినా నష్టం లేదు. కర్ణాటకలో హెగ్గోడు అని ఒక పల్లెటూరు ఉంది, అక్కడ నీనాసం వాళ్లు 1980 నుంచి నాటక శిక్షణ ఇస్తున్నారు, వాళ్ల కన్నడంలోనే. పల్లెటూళ్లో, సొంత భాషలో అది సాధ్యమైంది. మన ఆమదాలవలసలో ఎందుకు కాకూడదు? నేను చాలామందిని అడిగాను ఈ మాట.

హోస్ట్: స్కాలర్‌షిప్‌ల సంగతి? కేంద్ర సాంస్కృతిక శాఖ యువ కళాకారులకు ఇచ్చేది ఒకటుంది. 18 నుంచి 25 ఏళ్ల వాళ్లకి, రెండేళ్లపాటు, నెలకి 5,000 రూపాయలు. నాటకరంగం కూడా అందులో ఉంది.

మాస్టారు: ఉంది, కానీ గురువు దగ్గర ఐదేళ్లు నేర్చుకున్నట్టు చూపించాలి. పాటగాడికి ఆ కాగితం ఇచ్చే గురువు దొరుకుతాడు. లైటు కుర్రాడికి ఎవరిస్తారు? అందుకే నా దగ్గర పనిచేసే పిల్లలందరి చేతా ఒక నోటుబుక్కు రాయిస్తాను. ఏ తేదీ, ఏ ఊరు, ఏ నాటకం, తను ఏం పని చేశాడు, ఏం తప్పు జరిగింది. చివర నా సంతకం. రెండేళ్ల తర్వాత ఆ పుస్తకం చూపిస్తే ఎవరైనా నమ్ముతారు. నాటకం వేసే ప్రతి సమాజమూ ఈ సంతకం పెట్టడం మొదలుపెట్టాలని నా కోరిక. ఖర్చు లేని పని.

హోస్ట్: ఖర్చున్న పని గురించి కూడా అడుగుతాను. డబ్బులు.

మాస్టారు: అడుగు. ప్రదర్శన అయ్యాక నటులకి పారితోషికం, శాలువా. లైటు కుర్రాడికి భోజనం, చార్జీలు. "నేర్చుకుంటున్నావు కదా" అంటారు. నేర్చుకునేవాడికీ ఆకలేస్తుంది. వాడి వయసువాళ్లు విశాఖ వెళ్లి ఈవెంట్లలో రోజుకూలికి చేస్తున్నారు. హైదరాబాదు వెళ్లిపోతున్నారు, చెన్నై వెళ్లిపోతున్నారు. మన దగ్గర నిలబడాలంటే నాటిక బడ్జెట్లో తెరలకి ఒక లైను, మేకప్‌కి ఒక లైను రాసినట్టే నేర్చుకునే పిల్లాడికి కూడా ఒక లైను రాయాలి. ఎంతో కొంత, కానీ ముందే చెప్పిన మొత్తం, చెప్పిన రోజున. మిగిలిన రోజుల్లో పెళ్లిళ్లకీ స్కూలు వార్షికోత్సవాలకీ చేసుకోమని నేనే పంపుతాను. ఆ పని తక్కువేం కాదు, చెయ్యి తిరుగుతుంది.

హోస్ట్: పేరు కూడా మాస్టారూ. కరపత్రంలో నటుల పేర్లన్నీ వేసి చివర "తదితరులు" అంటారు. మా అమ్మ ఆ కాగితం తిప్పి తిప్పి చూసి, నీ పేరేదమ్మా అని అడిగింది. ఆ తదితరుల్లో ఉన్నానమ్మా అని చెప్పాను.

మాస్టారు: (కాసేపు ఆగి) పేరు వెయ్యాలమ్మా. తెర లాగిన మనిషిది కూడా. నాటక పరిషత్తు పోటీల్లో రంగాలంకరణకీ ఆహార్యానికీ బహుమతులిస్తారు కదా, ఆ బహుమతి తీసుకోవడానికి స్టేజీ మీదికి ఎవరు వెళ్తున్నారో గమనించు. చాలాసార్లు పని చేసినవాడు వెనకాల సెట్టు విప్పుతూ ఉంటాడు. తర్వాతి నాటికకి స్టేజీ ఖాళీ చెయ్యాలి కదా.

హోస్ట్: అమ్మాయిల గురించి చెప్పండి. మీ దగ్గర ఇద్దరు నేర్చుకుంటున్నారు కదా.

మాస్టారు: ఒకమ్మాయి డిమ్మర్ మీద ఉంటుంది, ఇంకొకామె మేకప్, కుట్టు రెండూ చూస్తుంది. చెయ్యి చాలా స్థిరం. మొదట్లో వాళ్ల నాన్నలు ఒప్పుకోలేదు. నేను తప్పుపట్టను. రాత్రి ఒంటిగంటకి నాటకం అయిపోతే ఆఖరి బస్సు ఎప్పుడో వెళ్లిపోయి ఉంటుంది. పల్లెల్లో స్టేజీ వెనక బాత్రూమ్ ఉండదు. బట్టలు మార్చుకోవడానికి చీర అడ్డం కడతారు. ముందు ఇవి సరిచెయ్యకుండా అమ్మాయిలు రావడం లేదనడం అన్యాయం. ఇప్పుడు నేను ఒప్పుకునేముందే అడుగుతాను: గది ఉందా, బాత్రూమ్ ఉందా, ఇంటికి దింపే బండి ఎవరిది? లేదంటే నేనూ రానని చెప్తాను. రెండు ప్రదర్శనలు అలా పోయాయి కూడా. మూడోసారి వాళ్లే బండి మాట్లాడి ఫోన్ చేశారు.

హోస్ట్: ఇది వింటున్న ఒక పద్దెనిమిదేళ్ల పిల్లో పిల్లాడో రేపు ఏం చెయ్యాలి?

మాస్టారు: దగ్గర్లో ఎక్కడ నాటకం ఉందో కనుక్కుని, టికెట్ టైముకి కాకుండా మధ్యాహ్నమే వెళ్లాలి. టార్చి, సుద్దముక్క, చిన్న నోటుబుక్కు పట్టుకెళ్లాలి. ఏ పనైనా చెప్పండి అనాలి. స్టేజీ తుడవమంటారు. తుడవాలి. మేకు ఎక్కడ లేచి ఉందో, చెక్క ఎక్కడ ఊగుతోందో తుడిచినవాడికే తెలుస్తుంది. వీలైతే ఐటీఐలో ఎలక్ట్రీషియనో, కార్పెంటరో, కుట్టుపనో ఒక ట్రేడ్ చదవమంటాను. ఆ సర్టిఫికెట్ ఉంటే ఇంట్లో వాళ్లకీ ధైర్యం. ఆగమ్మా, హారను వినబడింది.

హోస్ట్: లారీ వచ్చినట్టుంది.

మాస్టారు: వచ్చింది. పిల్లల బస్సు ఇంకా చిలకపాలెం దగ్గరే ఉందట, అరగంట పడుతుంది. అంతవరకు నేను ఆగలేను. నిచ్చెన పట్టుకుంటావా?

హోస్ట్: పట్టుకుంటాను మాస్టారూ. ఒక్క నిమిషం, ఫోను పక్కన పెట్టేసి వస్తాను.