మురుగునీటిలో మిగిలిపోయే హార్మోన్లు

శ్రోతలకు నమస్కారం.

ఇంగ్లండు నదుల్లో రోచ్ అనే చేప ఉంటుంది. మన బొచ్చెకు, శీలావతికి దూరపు చుట్టం. 1970ల చివర లండన్ దగ్గరి లీ నదిలో మగదో ఆడదో తేల్చలేని రోచ్‌లు బయటపడ్డాయి. కోసి చూస్తే వృషణాల్లోనే గుడ్ల కణాలు! మురుగునీటి శుద్ధి కేంద్రాల నుంచి వచ్చే నీటి మీదికి అనుమానం పోయింది. దాన్ని తేల్చడానికి జాన్ సంప్టర్, ఆయన తోటి శాస్త్రవేత్తలు ట్రౌట్ చేపలను బోనుల్లో పెట్టి, సరిగ్గా ఆ నీరు బయటికొచ్చే చోట దించారు. కొన్ని వారాలకు వాటి రక్తం పరీక్షిస్తే విటెల్లోజెనిన్ వేల రెట్లు పెరిగి ఉంది. గుడ్డులోని పచ్చసొనకు ముడిసరుకు ఈ ప్రోటీన్. ఈస్ట్రోజెన్ అనే స్త్రీ హార్మోన్ ఆదేశిస్తే కాలేయం దీన్ని తయారుచేస్తుంది. మగచేప కాలేయానికీ ఈ విద్య వచ్చు, కానీ మామూలుగా ఆ ఆదేశం అందదు. 1998లో సుసాన్ జోబ్లింగ్ బృందం ప్రచురించిన సర్వేలో, కొన్ని చోట్ల పట్టిన మగ రోచ్‌లన్నింటిలోనూ ఆడ లక్షణాలు కనిపించాయి.

నింద వెంటనే గర్భనిరోధక మాత్రల మీద పడింది. అది సగమే నిజం. మాత్రల్లోని ఇథినైల్ ఈస్ట్రడయోల్ అనే కృత్రిమ ఈస్ట్రోజెన్ మొండి రసాయనమే. కానీ ఏ మందూ వాడని వారి మూత్రంలోనూ ఈస్ట్రోజెన్లు ఉంటాయి, మగవారి మూత్రంతో సహా. ఇంగ్లండులోనే ఎయిర్ నదిలోనైతే ఉన్ని కడిగే మిల్లులు వాడిన డిటర్జెంట్ల నుంచి పుట్టిన, ఈస్ట్రోజెన్‌లా పనిచేసే నోనైల్ ఫినాల్ కూడా తోడైంది.

ఈ కథలో నన్ను అన్నిటికంటే ఆశ్చర్యపరిచేది మధ్యలో జరిగే తంతు. మన కాలేయం హార్మోన్‌ను ఊరికే బయటికి పంపదు. దానికి చక్కెర వంటి ఒక అణువును తగిలించి, పనిచేయకుండా కట్టిపడేసి మూత్రంలోకి వదులుతుంది. మురుగు కాలువలో మన పేగుల నుంచి వచ్చిన బ్యాక్టీరియానే ఆ తగిలింపును తెంచి తినేస్తుంది. హార్మోన్ మళ్లీ పనిలోకి దిగుతుంది. శుద్ధి కేంద్రానికి చేరేది అదే.

అక్కడ గాలి ఊదిన తొట్టెల్లో సూక్ష్మజీవులు మలినాలను తింటాయి. ఈ పద్ధతి పుట్టింది 1914లో, హార్మోన్ల కోసం కాదు, దుర్వాసన, రోగాలు, నదిలో ప్రాణవాయువు కొరత తగ్గించడానికి. ఆ పని బాగానే చేస్తుంది. సహజ హార్మోన్లలో చాలా భాగాన్ని కూడా తీసేస్తుంది. మిగిలేది లీటరుకు కొద్ది నానోగ్రాములే. ఒక్క నానోగ్రామంటే, వంద కోట్ల లీటర్ల నీటిలో ఒక గ్రాము కలిపినట్టు.

అంత తక్కువతో ఏమవుతుందని అడగవచ్చు. కెనడాలోని ఓంటారియోలో, ప్రయోగాలకే కేటాయించిన ఒక సరస్సులో కరెన్ కిడ్ బృందం 2001 నుంచి మూడు వేసవులు ఇథినైల్ ఈస్ట్రడయోల్ కలిపింది. లీటరుకు ఐదారు నానోగ్రాములు, అంతే. అక్కడి చిన్న మినో చేపల సంతతి దాదాపు తుడిచిపెట్టుకుపోయింది. కలపడం ఆపాక కొన్నేళ్లకు తిరిగి కోలుకుంది. అయితే ఇది వినగానే కుళాయి నీళ్లంటే భయపడనక్కర్లేదు. చేప పగలూ రాత్రీ ఆ నీటిలోనే మొప్పలతో ఊపిరి పీలుస్తుంది, మనం అలా బతకం.

దీనికి విరుగుడు లేకపోలేదు. స్విట్జర్లాండ్ 2016 నుంచి ఎంపిక చేసిన కేంద్రాల్లో ఓజోన్ వాయువును గానీ మలినాలను పట్టేసుకునే ఉత్తేజిత బొగ్గును గానీ అదనంగా వాడిస్తోంది. ఓజోన్ హార్మోన్ అణువులోని కీలకమైన వలయాన్ని విరగ్గొడుతుంది, దాంతో అది శరీరానికి ఆదేశం ఇవ్వలేదు. కరెంటు ఖర్చు మాత్రం తక్కువ కాదు. ఆ ఖర్చులో కనీసం 80 శాతం మందులు, సౌందర్య సాధనాల తయారీదారులే భరించాలని యూరోపియన్ యూనియన్ 2024లో చట్టం చేసింది. ఊహించినట్టే, మందుల కంపెనీలు కోర్టుకెక్కాయి.

ఇక మన సంగతి. హైదరాబాద్ అంబర్‌పేట కేంద్రం రోజుకు 33.9 కోట్ల లీటర్ల మురుగును శుద్ధి చేసేలా కట్టినది. దేశంలో 2017లో ప్రకటించిన ప్రమాణాల్లో బీఓడీ (మలినాలను తినడానికి సూక్ష్మజీవులకు కావలసిన ప్రాణవాయువు కొలత), తేలే మలినాలు, మలబ్యాక్టీరియా వంటి వాటికే పరిమితులున్నాయి. హార్మోన్ల ఊసే లేదు. ఓజోన్ దాకా వెళ్లేలోపు చేయగలిగింది ఒకటుందని నా అభిప్రాయం. తొట్టెలో సూక్ష్మజీవులతో నిండిన జీవబురదను త్వరగా తీసేయకుండా పది రోజులకు పైగా ఉండనిస్తే, మెల్లగా పెరిగే బ్యాక్టీరియా నిలదొక్కుకుని హార్మోన్లను మరింతగా తింటుంది. అందుకు కావలసింది పెద్ద తొట్టెలు, ఆగకుండా గాలి ఊదే యంత్రాలు.