తిన్నంక షుగర్ పడిపోతే

ఆకాశవాణి వరంగల్ వింటున్న అక్కలకు, అన్నలకు, పెద్దలకు నమస్తే. షుగర్ అనంగనే మనకు పెరుగుడే యాదికొస్తది, కానీ షుగర్ జబ్బు లేనోళ్లల్ల గూడ కొందరికి కడుపునిండ తిన్న రెండు నుంచి నాలుగు గంటలకు అది పడిపోతది. పగటీలి ఇంత అన్నం, మీదికెళ్లి రెండు లడ్డూలు తిని ఎనుమాముల మార్కెట్‌కు పోయిన మనిషికి నాలుగింటికల్ల చేతులు వణుకుతయి, చెమటలు పోస్తయి, గుండె దడదడ కొట్టుకుంటది. దీన్నే రియాక్టివ్ హైపోగ్లైసీమియా అంటరు.

తెల్లన్నం, తీపి జల్ది అరిగి షుగర్ ఒక్కసారే ఎక్కుతది, దానికోసం ఇన్సులిన్ జెర లేటుగ, అక్కెరకన్న ఎక్కువ వస్తది, ఇగ షుగర్‌ను కిందికి గుంజుతది. బరువు తగ్గే ఆపరేషన్ అయినోళ్లల్ల, షుగర్ జబ్బు అంచుల ఉన్నోళ్లల్ల ఇది కనబడుతది, కొందరికైతే కారణమే దొరకది.

అట్లని వణికినప్పుడల్ల షుగరే అనుకోవద్దు, గాబరాకు గూడ గిట్లనే అయితది. వణుకు ఉన్నప్పుడే మీటర్‌తోని చూస్కోవాలె. షుగర్ జబ్బు లేనోళ్లకు 55 కంటే కింద ఉండి, గ్లూకోజ్ తీస్కోంగనే తేరుకుంటే అప్పుడు అనుమానించాలె, డాక్టరు ల్యాబ్‌ల రక్తం చూసి ఖాయం చేస్తడు. పరిగడుపున పడిపోతే మాత్రం అది వేరే లెక్క, ఆలస్యం చెయ్యకుండ చూపెట్టుకోవాలె.

మందుకన్న ముందు పళ్లెం మార్చాలె. అన్నం తగ్గించి పప్పు, కూర, గుడ్డు పెంచుడు, ఒక్కపూటనే మస్తుగ తినకుండ మూడు గంటలకోసారి కొంచెం కొంచెం తినుడు, మధ్యల ఉడకబెట్టిన శనగ గుడాలో, గుప్పెడు పల్లీలో. కళ్లు తిరిగినప్పుడల్ల చక్కెర చాయ్‌ల బిస్కెట్లు ముంచుకొని తింటరు చూడుండ్రి, అప్పటికైతే నిలబడతరు గానీ మీద గట్టిది ఏం తినకపోతే కాసేపైనంక మళ్ల అదే కథ. ఖాళీ కడుపుల మద్యం తాగుడు అసలే వద్దు.

తిండితోని ఆగకపోతే అకార్బోజ్ అనే గోలీ రాస్తరు. అది అసలు షుగర్ జబ్బు మందు, దీనికని అనుమతి లేకున్నా డాక్టర్లు తమ బాధ్యత మీద ఇస్తరు, ఆఫ్ లేబుల్ అంటే గదే. అన్నంల మొదటి ముద్దతోనే వేసుకోవాలె, అది పేగుల్ల పిండిపదార్థం విరిగిపోవుడును నెమ్మది చేస్తది. కడుపుబ్బరం, గ్యాస్ అయితే తప్పది, నలుగుట్ల కూసునేటోళ్లకు కష్టమే, అందుకే చిన్న డోసుతోని మొదలుపెడతరు. పక్కింటోళ్ల గోలీ తెచ్చి మింగొద్దు.

ఈ గోలీ మీద ఉన్నోళ్లు ఒకటి గట్టిగ పట్టుకోవాలె. షుగర్ పడితే చక్కెర, బెల్లం జల్ది పనిచెయ్యయి, వాటిని విరగనిచ్చుడునే గదా ఈ మందు ఆపేది. జేబుల గ్లూకోజ్ పొడే ఉండాలె, 15 గ్రాములు, అంటే చిన్న చెంచాతోని మూడు నాలుగు నీళ్లల్ల కలిపి తాగి 15 నిమిషాలకు మళ్ల చూస్కోవాలె. మనిషి సోయిల లేకపోతే నోట్ల ఏం పొయ్యొద్దు, 108కు ఫోన్ కొట్టుండ్రి.