ఓడ తప్పిన నెలలో నాన్న మాత్రలు

(విశాఖపట్నం స్టూడియో నుంచి. జనరల్ మెడిసిన్ డాక్టరు గారితో ఫోన్-ఇన్.)

యాంకర్: గాజువాక నుంచి ఒక పెద్దాయన లైన్లో ఉన్నారు. చెప్పండి సార్.

కాలర్: నమస్కారమండి. మా అల్లుడికి నికోబార్ దీవుల్లో, క్యాంప్‌బెల్ బేలో ఉద్యోగం. వచ్చే వారం మేమూ వెళ్తున్నాం, నాలుగు నెలలుంటాం. మా ఆవిడకి ఇన్సులిన్. ఎలా పట్టుకెళ్లాలి?

డాక్టర్: విమానమైతే చేతిసంచిలోనే పెట్టుకోండి, లగేజీలో వేయొద్దు. కింద చలికి గడ్డకడితే ఇక పనికిరాదు. ఐసు కూడా నేరుగా తగలనివ్వకండి, మధ్యలో తువ్వాలు చుట్టండి. సీలు తీయనివి ఫ్రిజ్‌లో 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచాలి. వాడుతున్నది నీడపట్టున, 30 డిగ్రీలు దాటకుండా ఉంటే దాదాపు 4 వారాలు బయట ఉండొచ్చు. కరెంటు పోతే తడిపిన మట్టికుండలో పెట్టండి. డాక్టరు చీటీ మాత్రం దగ్గరుంచుకోండి.

యాంకర్: ఇంకో కాల్. పెదజాలారిపేట నుంచి. చెప్పండమ్మా.

కాలర్: నమస్కారం బాబూ. మా నాన్న అండమాన్లో, హట్‌బేలో, మా అన్న దగ్గరుంటాడు. నాన్నకి ఫిట్సు. ఇక్కడే చూపించాం, పొద్దున ఒక మాత్ర, రాత్రి ఒకటి. అక్కడ ఒకోసారి ఆ మందు దొరకదు. నేనే ఇక్కడ కొని, ఓడెక్కేవాళ్లెవరైనా ఉంటే వాళ్ల చేతికిచ్చి పంపుతాను. మొన్న ఓడ ఆలస్యమైంది. నాన్నేటి చేశాడంటే, ఉన్నవి సరిపెడదామని రాత్రి మాత్ర మానేశాడు. పన్నెండో రోజున ఫిట్సొచ్చి పడిపోయాడు బాబూ. నుదురు చిట్లి నాలుగు కుట్లు పడ్డాయి.

డాక్టర్: ఇప్పుడు రెండు పూటలా వేస్తున్నారా?

కాలర్: ఏస్తున్నాడండి.

డాక్టర్: ఆయన్ని కోప్పడకండమ్మా, పొదుపు చేద్దామనుకున్నారు. కానీ బియ్యం తక్కువైతే ఒక పూట పస్తుండొచ్చు గాని, ఈ మాత్ర ఒక్క పూట కూడా మానకూడదు. ఉన్నట్టుండి తగ్గిస్తే ఫిట్సు ఒకదాని వెనక ఒకటి వచ్చేస్తాయి. ఐదు నిమిషాలు దాటినా ఆగకపోతే ప్రాణం మీదికొస్తుంది. మాత్ర పేరేంటి?

కాలర్: సోడియం వాల్ప్రోయేట్ అని ఉందండి. ఇంకో తప్పు కూడా నాదే. పార్సిలు చిన్నదవుద్దని మాత్రలన్నీ రేకుల్లోంచి ఒలిచి హార్లిక్స్ సీసాలో పోసి పంపాను. అక్కడ మూత తీస్తే చెమ్మగిల్లి, ఒకదానికొకటి అంటుకుపోయాయంట.

డాక్టర్: అయ్యో. ఆ మాత్రకి తేమ పడదమ్మా. ఉప్పులాగా గాలిలో చెమ్మ పీల్చేస్తుంది, అందుకే దాన్ని రేకులో బిగించేది. సముద్రం ఒడ్డు, పైగా వానాకాలం. అంటుకుపోయినవి వాడొద్దు. ఇకమీదట రేకులతోనే పంపండి, వేసుకునేటప్పుడే తీయమనండి.

యాంకర్: ఓడ ఆలస్యమవడం వాళ్ల చేతిలో లేదు కదండీ?

డాక్టర్: లేదు. విశాఖ నుంచి పోర్ట్‌బ్లెయిర్‌కి, 2024 నుంచి శ్రీవిజయపురం అంటున్నారు, 1,200 కిలోమీటర్ల దూరం. రెండున్నర, మూడు రోజుల ప్రయాణం. అక్కణ్నుంచి హట్‌బేకి ఇంకో ఓడ. నైరుతి గాలి లేస్తే అదీ నిలిచిపోవచ్చు. అందుకని మాత్రలు అయిపోయే రోజు చూసుకోకండి, ఓడ లెక్క చూసుకోండి. ఒక ఓడ తప్పినా సరిపోయేంత మందు ఎప్పుడూ ఇంట్లో ఉండాలి. మొత్తం ఒకరి చేతికే ఇవ్వొద్దు. సగం స్పీడ్ పోస్టులో వేయండి.

కాలర్: దుకాణపాయన అన్ని ఒకేసారి ఇవ్వనంటాడండి. చీటీ పాతదంటాడు.

డాక్టర్: ఆయన అనేది న్యాయమే, చీటీలో ఎన్నాళ్లకి రాస్తే అన్నాళ్లకే ఇవ్వాలి. మీ డాక్టరుని మూడు నెలలకి రాయమనండి, కంపెనీ పెట్టిన పేరుతో కాకుండా మందు అసలు పేరుతో. 2020లో కేంద్రం టెలిమెడిసిన్‌కి నిబంధనలు తెచ్చింది. ముందే చూసిన డాక్టరు వీడియో కాల్లో మాట్లాడి, ఇలాంటి మందు మళ్లీ రాయొచ్చు. దీనికోసం మీ నాన్నగారు సముద్రం దాటి రానక్కర్లేదు. నిద్రమాత్రల్లాంటి వాటికి పట్టింపు ఎక్కువ, అది వేరే సంగతి. సరే, ఇప్పుడు రేకుల్లో మంచివి ఎన్ని మిగిలాయి?

కాలర్: అన్న కాడ ఇరవై రెండు.

డాక్టర్: అంటే పదకొండు రోజులు. ఓడ?

కాలర్: ఇంకా తేదీ చెప్పలేదండి.

డాక్టర్: అయితే ఓడ కోసం ఆగొద్దు. మీ అన్నయ్యని రేపు పొద్దున్నే ఆ చీటీ, ఖాళీ రేకు పట్టుకుని హట్‌బే సర్కారు ఆసుపత్రికి వెళ్లమనండి. మందు లేకపోతే తెప్పించమని అడగాలి. దానికి బదులు ఏం వాడాలో అక్కడి డాక్టరే చెప్పాలి, పక్కింటివాళ్ల ఫిట్సు మాత్ర ఇవ్వొద్దు. మీరు లైన్లోనే ఉండండమ్మా, పాటేసే లోపు మీ అన్నయ్య నంబరు తీసుకుంటాను. నేనే మాట్లాడతాను.