పొటాషియం పెరిగేదాకా ఆగమంటే

అందరికీ నమస్కారం. వేదిక మీద పెద్దలు చాలామంది ఉన్నారు. పేరుపేరునా చెప్పుకుంటూ పోతే నాకిచ్చిన టైమ్ అక్కడే అయిపోతుంది, కాబట్టి ఏమీ అనుకోకండి. బీపీ, షుగర్ మీద నాలుగు మాటలు చెప్పమని కమిటీవాళ్లు పిలిచారు. షుగర్ గురించే చెప్తాను, కాకపోతే మనవాళ్ల షుగర్ గురించి కాదు. దాని మీద మీకు వాట్సాప్‌లో రోజూ వస్తూనే ఉంటాయి.

ఇక్కడ టెక్సాస్‌లో, ఫ్రిస్కోలో గానీ ఇర్వింగ్‌లో గానీ మన బిర్యానీ హోటళ్ల వంటగదిలోకి ఎప్పుడైనా తొంగి చూశారా? పెనం దగ్గర నిలబడి దోశలు వేసేది చాలాచోట్ల మెక్సికో నుంచో, హోండురాస్ నుంచో, గ్వాటెమాలా నుంచో వచ్చినవాళ్లు. మన ఇంటి కప్పు వేసేదీ, జూలై ఎండలో లాన్ కోసేదీ వాళ్లే. వాళ్లకి ఒంట్లో బాగోకపోతే ఎక్కడికి వెళ్తారో ఎప్పుడైనా అడిగామా?

నేను ఆసుపత్రిలో ఎమర్జెన్సీ నుంచి చేరే పేషెంట్లను చూసే డాక్టర్ని. మన తెలుగువాళ్ల హోటల్లోనే దోశలు వేసే ఒకాయన అక్కడికి తరచూ వచ్చేవాడు. నన్ను చూడగానే ఆయాసపడుతూనే "బాగున్నారా" అని పలకరించేవాడు. షుగర్‌ని ఏళ్ల తరబడి పట్టించుకోక రెండు కిడ్నీలూ పోయాయి. పట్టించుకోక అన్నాను గానీ, ఎలా పట్టించుకుంటాడండీ? ఇన్సూరెన్స్ లేదు. ప్రభుత్వం పెట్టిన ఇన్సూరెన్స్ మార్కెట్, ఒబామాకేర్ ఉంది కదా అంటారేమో, ఆ మార్కెట్‌లో సొంత డబ్బు పెట్టి కొనుక్కుంటానన్నా, ఈయనలా ఈ దేశంలో ఉండటానికి కాగితాలు లేనివాళ్లకి అమ్మరు.

కిడ్నీలు పోయినవాళ్లకి మామూలుగా వారానికి మూడుసార్లు డయాలసిస్ చేస్తారు. 1972లో చేసిన చట్టం పుణ్యమా అని ఈ దేశంలో చాలామందికి, వయసుతో పనిలేకుండా, ఆ ఖర్చు మెడికేర్ అనే ప్రభుత్వ ఇన్సూరెన్స్ భరిస్తుంది. ఈయనకి అదీ లేదు. ఈయనకి మిగిలింది 1986 నాటి ఎమర్జెన్సీ చట్టం ఒక్కటే. డబ్బున్నా లేకపోయినా, ఏ దేశంవాడైనా, వచ్చినవాణ్ణి పరీక్షించి ప్రాణాపాయం తప్పించాలి. అంతే, అక్కడితో సరి. అందుకని మన టెక్సాస్‌లో చాలాచోట్ల ఇలాంటివాళ్లు ప్రాణం మీదకి వచ్చేదాకా ఆగాలి. కాళ్లు ఉబ్బి, పడుకుంటే ఊపిరి ఆడక, తెల్లవారుజామున వచ్చి కుర్చీలో కూర్చుంటారు. రక్తం తీస్తాం, ఈసీజీ తీస్తాం. కిడ్నీలు బయటికి పంపలేక రక్తంలో పేరుకున్న పొటాషియం ప్రమాదం అనేంత పెరిగితే డయాలసిస్ చేస్తాం. పెరగలేదనుకోండి, ఇంటికెళ్లి ఇంకొంచెం పాడయ్యాక రమ్మని చెప్పాలి. నేను చదువుకున్న వైద్యంలో ఇది లేదు! కొందరైతే రాత్రి కావాలనే అరటిపళ్లు తిని, నారింజ రసం తాగి వస్తారు, పొటాషియం పెరుగుతుందని. కిడ్నీ జబ్బున్నవాళ్లు ముట్టుకోకూడదని మేం చెప్పేవి అవే. గుండె ఆగిపోవచ్చని వాళ్లకీ తెలుసు.

ఇదేదో నేను ఆవేశంలో అంటున్నది కాదు. డెన్వర్, హ్యూస్టన్, శాన్‌ఫ్రాన్సిస్కో పేషెంట్లని పోల్చిన పరిశోధన 2018లో వచ్చింది. ఇలా ఎమర్జెన్సీలో మాత్రమే డయాలసిస్ దొరికేవాళ్లకి అయిదేళ్లలో చనిపోయే ప్రమాదం, క్రమం తప్పకుండా దొరికేవాళ్ల కంటే 14 రెట్లు. పోనీ డబ్బు మిగులుతుందా అంటే అదీ లేదు, ఎమర్జెన్సీ బిల్లు ఎప్పుడూ ఎక్కువే. కొలరాడో వాళ్లు 2019లో రూల్ మార్చుకుని క్రమం తప్పకుండా చేసే డయాలసిస్‌కే డబ్బు ఇవ్వడం మొదలుపెట్టారు. మనకేం అడ్డమో నాకు అర్థం కాదు.

ఆ హోటల్ ఓనర్‌తో మాట్లాడాను. "డాక్టర్ గారూ, ఈ గొడవలన్నీ మనకెందుకండీ" అన్నాడు. ఆ తర్వాత తెలిసింది, ఆసుపత్రికి వెళ్లిన రోజులు ఎక్కువయ్యాయని ఆ దోశలు వేసే ఆయన షిఫ్టులు తగ్గించేశారట. ఆ ఓనర్ మీలో ఉన్నాడో లేదో చెప్పను. ఉంటే మాత్రం వినండి.

మన అమ్మానాన్నలు విజిటర్ వీసా మీద వచ్చినప్పుడు ఏం చేస్తాం? గుండెలో మంటగా ఉందంటే, ఇన్సూరెన్స్‌వాళ్లు పాత జబ్బని కొట్టేస్తారేమోనన్న టెన్షన్‌తో, "ఇండియా వెళ్లాక చూపించుకుందాంలే" అంటాం. మనకి ఆ రిటర్న్ టికెట్ ఉంది. ఆయనకి ఏదీ?

అందరూ కాగితాలు లేనివాళ్లని కూడా అనుకోకండి. గ్రీన్‌కార్డ్ ఉన్నవాళ్లలో చాలామంది 1996 చట్టం వల్ల, పేదవాళ్లకి ప్రభుత్వమిచ్చే ఇన్సూరెన్స్ మెడికెయిడ్ కోసం అయిదేళ్లు ఆగాలి. ఆగి కూడా లాభమేంటి, టెక్సాస్‌లో పిల్లల్లేని మామూలు పెద్దవాళ్లకి ఎంత పేదరికం ఉన్నా మెడికెయిడ్ రాదు. దేశంలో ఇన్సూరెన్స్ లేనివాళ్ల శాతం అందరికంటే ఎక్కువున్న రాష్ట్రం మనది.

ఇంకొకటి చెప్పి తీరాలి. ఆయనకి దుబాసీగా వచ్చేది ఏడో క్లాసు చదివే కూతురు. స్కూలు మానేసి వచ్చేది. "మీ నాన్నకి డయాలసిస్ లేకపోతే బతకడు" అని ఆ పిల్లతో చెప్పించాలా? చిన్నపిల్లలతో ఇలా చెప్పించకూడదని, దుబాసీని ఆసుపత్రే ఉచితంగా పెట్టాలని నిబంధనలు ఉన్నాయి. కానీ రాత్రి రెండు గంటలకి ఫోన్‌లో దుబాసీ దొరికేదాకా ఆగే ఓపిక ఎవరికుంది? పైగా గ్వాటెమాలా కొండల నుంచి వచ్చినవాళ్లలో కొందరికి స్పానిష్ కూడా అంతంతమాత్రమే, ఇంట్లో మాట్లాడేది మామ్, కిచే అనే అక్కడి భాషలు.

వీటన్నిటికీ తోడు భయం. 2024 నవంబర్ నుంచి టెక్సాస్ ఆసుపత్రుల్లో మీరు ఇక్కడ చట్టబద్ధంగా ఉన్నారా అని అడుగుతున్నారు. జవాబు చెప్పకపోయినా వైద్యం ఆపకూడదు, ఈ సంగతి వాళ్లకి చెప్పేవాళ్లు లేరు. 2025 జనవరిలో, ఆసుపత్రుల దగ్గర ఇమిగ్రేషన్ అరెస్టులను కట్టడి చేసే పాత విధానాన్నీ తీసేశారు. ఇక వాళ్లు ఎందుకొస్తారు? పిల్లాడి టీకాకి కూడా రారు.

హోటళ్లు, కన్‌స్ట్రక్షన్ కంపెనీలు నడిపేవాళ్లు ఈ హాల్లో చాలామందే ఉన్నారని నాకు తెలుసు. చట్టాలు మార్చమని మిమ్మల్ని అడగట్లేదు. ఆదాయాన్ని బట్టి ఫీజు తీసుకునే కమ్యూనిటీ హెల్త్ సెంటర్లు ప్రతి పెద్ద ఊళ్లో ఉన్నాయి, ఇన్సూరెన్స్ లేకపోయినా చూస్తాయి. మీ దగ్గర్లో ఉన్నదాని ఫోన్ నంబరు స్పానిష్‌లో రాసి వంటగది గోడకి అంటించండి. షుగర్, బీపీ చూపించుకోవడానికి నెలకో పూట జీతం కోయకుండా సెలవివ్వండి. మన సంఘం హెల్త్ క్యాంపు పెట్టినప్పుడు ఫ్లయర్ స్పానిష్‌లో కూడా వేయించండి, శనివారం పొద్దున కాకుండా హోటళ్లు ఖాళీగా ఉండే సోమవారం మధ్యాహ్నం పెట్టండి. మందులు నేను తెస్తాను. ఇద్దరు స్పానిష్ వచ్చిన నర్సులు కూడా వస్తామన్నారు. నాకు కావాల్సింది హాలు, సోమవారం, మీలో ఒక పదిమంది. పేర్లు ఇవ్వాలనుకునేవాళ్లు ఇప్పుడే చేతులెత్తండి, రాసుకుంటాను.