ఆ గీత ఇప్పుడు లేదు

శ్రోతలందరికీ నమస్కారం. ఈ పూట హెచ్‌ఐవీ గురించి మాట్లాడతాను. ఆ మాట వినగానే కొందరి చెయ్యి రేడియో కట్టేయడానికి పోతుంది, ఇంట్లో పిల్లలున్నారనో, పక్కింటి వాళ్లు వింటారనో. సౌండు తగ్గించుకున్నా పర్వాలేదు, కట్టేయకండి.

నేను చాలా ఏళ్లు ప్రకాశం జిల్లాలో, ఆ తర్వాత కొన్నాళ్లు నెల్లూరు జిల్లాలో ఏఆర్‌టీ సెంటర్లలో కౌన్సెలర్‌గా పనిచేశాను. హెచ్‌ఐవీ మందులు ఉచితంగా ఇచ్చే చోటు అది. మన దేశంలో ఈ ఉచిత మందులు 2004 ఏప్రిల్‌లో మొదలయ్యాయి. అంతకుముందు చేతిలో డబ్బున్నవాళ్లకే మందు, లేనివాళ్లకి మంచం.

2012లో పొదిలి అవతల పల్లె నుంచి ఒకావిడ వచ్చింది. ముప్పై ఏళ్లు కూడా ఉండవు. భర్త లారీ మీద పోయేవాడు, అప్పటికే చనిపోయాడు. ఆవిడ రిపోర్టులో సీడీ4 420 అని ఉంది. సీడీ4 అంటే రోగాలతో పోరాడే కణాల లెక్క, ఆరోగ్యంగా ఉన్న మనిషికి సాధారణంగా 500 పైనే ఉంటుంది, హెచ్‌ఐవీ తినేది వీటినే. అప్పటి నిబంధన ప్రకారం ఆ లెక్క 350 కంటే తగ్గితేనే మందులు మొదలుపెట్టాలి. నేనే నవ్వుతూ చెప్పాను, "నీకేం భయం లేదమ్మా, ఇంకా మందులు అక్కర్లేదు, ఆర్నెల్లకోసారి వచ్చి రక్తం చూపించుకుని పో" అని. సంతోషంగా వెళ్లిపోయింది. మందులు అక్కర్లేదు అన్నమాట ఆవిడ చెవికి జబ్బు లేదు అన్నట్టే వినపడింది. ఆర్నెల్లకి రాలేదు, ఏడాదికీ రాలేదు. రెండేళ్ల తర్వాత వాళ్లన్న భుజం పట్టుకుని నడిపించుకొచ్చాడు. టీబీ, బరువు ముప్పై రెండు కిలోలు, సీడీ4 అరవై కూడా లేదు. బతికింది, ఇప్పటికీ మందులు వాడుతోంది. కానీ బల్లకి అటువైపు కూర్చుని ఆవిడ నా ముఖం వైపు చూసిన చూపు నేను మర్చిపోలేను, "నువ్వే కదక్కా అక్కర్లేదన్నావు" అన్నట్టుంది.

ఆ రోజు నేను చెప్పింది రూల్ ప్రకారం సరైనదే. మందులు ఎప్పుడు మొదలుపెట్టాలో చెప్పే ఆ సీడీ4 గీత మొదట్లో 200, తర్వాత 350, ఇంకొన్నాళ్లకి 500, చివరికి 2017లో మన దేశంలో ఆ గీతే తీసేశారు. హెచ్‌ఐవీ ఉందని తేలితే చాలు, సీడీ4 ఎంతున్నా ఆలస్యం లేకుండా మందు మొదలు. ఈ మార్పు ఊరికే ఎవరికో తోచి రాలేదు, దాని వెనక వేలమంది పేషెంట్లు ఉన్నారు. వాళ్ల సంగతి చెప్పాలనే వచ్చాను.

అసలు ఆ గీత ఎందుకు గీశారంటే, పాత మందులు అలాంటివి. 1987లో వచ్చిన మొదటి మందు జిడోవుడిన్‌తో కొందరికి రక్తం పడిపోయేది. స్టావుడిన్ అని ఒకటుండేది, అది వాడిన వాళ్లకి అరికాళ్లు మంటలు, బుగ్గలు లోపలికి పీక్కుపోయేవి. జబ్బు ఇంట్లో దాచిపెట్టినా ఆ ముఖం ఊరికి చెప్పేసేది. అందుకని డాక్టర్లు, ఆలస్యంగా మొదలుపెడితే మంచిదేమో, మొదలుపెట్టినా మధ్యలో కొన్నాళ్లు ఆపి ఒంటికి విశ్రాంతి ఇస్తే మంచిదేమో అనుకున్నారు. మంచి మనసుతోనే అనుకున్నారు. కానీ అనుకోవడం వేరు, పరీక్షించి తేల్చుకోవడం వేరు.

తేల్చడానికి స్మార్ట్ అనే పరిశోధన జరిగింది. 33 దేశాల్లో 5,472 మంది. సగం మంది ఆపకుండా మందులు వాడారు, మిగతా సగం సీడీ4 350 పైన ఉన్నంతకాలం ఆపేసి, 250 కంటే పడిపోతే మళ్లీ మొదలుపెట్టారు. 2006 జనవరిలో ఆ అధ్యయనాన్ని మధ్యలోనే ఆపాల్సి వచ్చింది, ఎందుకంటే మందులు ఆపి ఆపి వాడిన వాళ్లలో జబ్బు ముదరడం, చనిపోవడం కలిపి చూస్తే, ఆపకుండా వాడిన వాళ్లకంటే రెట్టింపు దాటిపోయింది. ఇంతవరకు కొందరు ఊహించి ఉండొచ్చు. ఎవరూ ఊహించనిది ఇంకొకటి తేలింది. మందులు ఆపితే గుండె, కిడ్నీ, లివర్ మీద మందుల భారం తగ్గుతుందనుకున్నారు కదా, ఆ జబ్బులు కూడా ఆపిన వాళ్లలోనే ఎక్కువగా వచ్చాయి! ఒంటికి మందు కంటే వైరస్సే ఎక్కువ చేటు చేస్తోందని అప్పుడు అర్థమైంది.

ఇది ఎలా జరుగుతుందో మన జిల్లా వాళ్లకి సులభంగా చెప్పొచ్చు. పొగాకు బ్యారన్, అదే ఆకుని సెగతో మగ్గబెట్టే కొట్టం, చూశారుగా. బయట నుంచి చూస్తే తలుపులు మూసి ఉంటాయి, మంట కనపడదు, లోపల మాత్రం సెగ రాత్రీ పగలూ ఆకుని మగ్గబెడుతూనే ఉంటుంది. హెచ్‌ఐవీ ఉన్న ఒంట్లోనూ అంతే. మనిషి పొలం పోతుంటాడు, క్వారీలో రాయి మోస్తుంటాడు, జ్వరం లేదు, దగ్గు లేదు. లోపల మాత్రం రోగనిరోధక వ్యవస్థ వైరస్‌తో ఎడతెగకుండా పోట్లాడుతూ ఉంటుంది, ఆ సెగ రక్తనాళాలకి, కిడ్నీలకి తగులుతూనే ఉంటుంది. మందు వేసుకుంటే సెగ చాలా వరకు తగ్గుతుంది, పూర్తిగా మాత్రం చల్లారదు, ఆ సంగతికి మళ్లీ వస్తాను.

తర్వాత స్టార్ట్ అని ఇంకొకటి. ఇందులో చేరిన 4,685 మందీ సీడీ4 500 పైన ఉన్నవాళ్లే, అంటే మా భాషలో "బాగానే ఉన్నవాళ్లు". సగం మందికి వెంటనే మందులు, సగం మందికి 350కి వచ్చేదాకా ఆగి. 2015లో ఫలితం వచ్చింది, వెంటనే మొదలుపెట్టిన వాళ్లలో తీవ్రమైన జబ్బులు, మరణాలు కలిపి 57 శాతం తక్కువ. ఆ వార్త చదివిన రోజు నాకు పొదిలి ఆవిడే గుర్తొచ్చింది. మూడేళ్ల ముందు ఇది తెలిసుంటే ఆవిడ ఒట్టి చేతులతో వెళ్లేది కాదు.

ఈ మందు ఇంకొకరికి అంటకుండా కూడా కాపాడుతుంది. దీన్ని తేల్చిన పరిశోధనలో మన పక్కనున్న చెన్నై వాళ్లు, పూణే వాళ్లు కూడా ఉన్నారు. 9 దేశాల్లో 1,763 జంటలు, ఒకరికి హెచ్‌ఐవీ ఉంది, ఇంకొకరికి లేదు. ముందుగా మందులు మొదలుపెడితే భార్య నుంచి భర్తకో, భర్త నుంచి భార్యకో అంటడం 96 శాతం తగ్గిందని 2011లో చెప్పారు. ఆ తర్వాత యూరప్‌లో జరిగిన అధ్యయనాలు ఇంకా ముందుకెళ్లాయి. రక్తంలో వైరస్ ఎంతుందో కొలిచే వైరల్ లోడ్ పరీక్షలో అది కనపడనంతగా తగ్గిన వాళ్ల నుంచి వాళ్ల భాగస్వామికి ఒక్కరికి కూడా సోకలేదు. నేను కౌన్సెలింగ్‌లో ఈ మాట చెప్పినప్పుడు, మూడేళ్లుగా భార్య చెయ్యి కూడా పట్టుకోని ఒక మనిషి ఏడ్చేశాడు.

మందులతో మనవాళ్లు బతుకుతున్నారు, వయసు మీద పడుతోంది, యాభై, అరవై దాటుతున్నారు. చాలా సంతోషించాల్సిన విషయం. అయితే ఆరని ఆ సెగ వల్ల వీళ్లకి గుండెపోటు, పక్షవాతం మిగతా వాళ్లకంటే ఎక్కువగా వస్తున్నాయి. దీనికేం చెయ్యాలని రిప్రీవ్ అనే పరిశోధన చేశారు. 12 దేశాలు, 7,769 మంది, అందులో మన దేశం కూడా ఉంది. అందరూ 40 నుంచి 75 ఏళ్ల మధ్యవాళ్లు, హెచ్‌ఐవీ మందులు వాడుతున్నవాళ్లు, కొలెస్ట్రాల్‌కి మందు వేసుకోవాల్సినంత ప్రమాదం ఉందని ఎవరూ అనుకోని వాళ్లు. సగం మందికి పిటవాస్టాటిన్ అనే బిళ్ల రోజుకొకటి, సగం మందికి అచ్చం అలాగే ఉండే మందు లేని బిళ్ల. 2023లో తేలిందేమంటే, బిళ్ల వేసుకున్న వాళ్లలో గుండెపోటు, పక్షవాతం లాంటివి 35 శాతం తగ్గాయి. కొందరికి కండరాల నొప్పులు వచ్చాయి, కొందరికి షుగర్ కొత్తగా బయటపడింది, అదీ దాచకుండా చెప్పారు. కాబట్టి ఇది విని రేపు మెడికల్ షాపుకి పోయి కొనుక్కోకండి. నలభై దాటిన వాళ్లు సెంటర్లో డాక్టరు గారిని అడగండి, "నాకు గుండె బిళ్ల అవసరమా సార్" అని. బీపీ, షుగర్, కొలెస్ట్రాల్ చూపించుకోండి. బీడీ, సిగరెట్టు మానండి, ఈ సెగకి అది తోడైతే చెప్పేదేముంది.

ఇప్పుడు ఇచ్చే మందు చాలామందికి రోజుకి ఒకే బిళ్ల, టెనోఫోవిర్, లామివుడిన్, డోలుటెగ్రావిర్ మూడూ కలిపినది. పాత వాటి కంటే ఎంతో సుఖం. అయినా రెండు మూడు సంగతులు. టీబీ మందుల్లో రిఫాంపిసిన్ ఉంటుంది, అది డోలుటెగ్రావిర్‌ని ఒంట్లోంచి త్వరగా పంపించేస్తుంది, అందుకే టీబీ కోర్సు జరిగినన్నాళ్లు డోలుటెగ్రావిర్ రోజుకి రెండోసారి కూడా వేస్తారు. టీబీ దగ్గర హెచ్‌ఐవీ దాస్తే, హెచ్‌ఐవీ దగ్గర టీబీ దాస్తే మందు చాలక వైరస్ మొండికేస్తుంది. ఐరన్, కాల్షియం బిళ్లలు, కడుపు మంటకి తాగే తెల్ల సిరప్ కూడా దీంతో కలిపి మింగొద్దు, ముందు ఈ బిళ్ల వేసుకుని కనీసం రెండు గంటలు ఆగండి. టెనోఫోవిర్ కొందరికి కిడ్నీల మీద పని చేస్తుంది, కనిగిరి వైపు ఫ్లోరైడ్ నీళ్లతో, కిడ్నీ జబ్బులతో మనం ఎంత అవస్థ పడ్డామో మీకు తెలుసు, కిడ్నీల పనితీరు చూసే క్రియాటినిన్ పరీక్ష ఎగ్గొట్టకండి.

ఇంకొక మాట. పరిశోధన అనగానే "మా మీద ప్రయోగాలు చేస్తారా" అని చాలామంది అడిగారు. ఆ భయం న్యాయమైనదే. మన దేశంలో 2019లో వచ్చిన క్లినికల్ ట్రయల్స్ నిబంధనల ప్రకారం, మీకు అర్థమయ్యే భాషలో అంతా చెప్పి, సంతకం తీసుకున్నాకే చేర్చుకోవాలి. ఎప్పుడైనా బయటికి రావచ్చు, దాని వల్ల హాని జరిగితే పరిహారం ఇవ్వాలి. నైతిక కమిటీ ఆమోదం లేకుండా మొదలుపెట్టకూడదు. అర్థం కాకపోతే సంతకం పెట్టకండి, కాగితం ఇంటికి తీసుకెళ్లి చదివించుకుంటానని అడగండి. మీ హెచ్‌ఐవీ సంగతి మీ అనుమతి లేకుండా బయట పెట్టకూడదని 2017 చట్టం కూడా చెబుతోంది.

మా దగ్గరికి కనిగిరి బస్సెక్కి వచ్చే ఒకాయన మందు డబ్బాలో దూది కుక్కేవాడు, సంచిలో బిళ్లలు గలగలమంటే పక్క సీట్లో వాళ్లకి తెలిసిపోతుందని. అన్నేళ్లు దూది కుక్కుకుంటూ కూడా ఒక్క నెల మానలేదు. నాకు ఆయనంటే గొప్ప గౌరవం.

చివరగా, ఇది ప్రత్యేకంగా కొందరి కోసం. పది పన్నెండేళ్ల కిందట నాలాంటి వాళ్లు ఎవరో మీకు "ఇంకా మందులు అక్కర్లేదు, వెళ్లిరండి" అని చెప్పి పంపించి ఉంటారు. మీరు తిరిగి రాలేదు. పామూరులోనో, చీమకుర్తిలోనో, ఉదయగిరిలోనో ఇది వింటుంటే, ఆ మాట ఇప్పుడు చెల్లదమ్మా, చెల్లదన్నా. సెంటర్లో ఇచ్చిన గ్రీన్ బుక్, అదే మీ మందుల పుస్తకం, పోయిందని, ఇన్నాళ్లు రాలేదని తిడతారని ఆగకండి. దగ్గర్లో సెంటర్ ఎక్కడుందో తెలియకపోతే 1097కి ఫోన్ చేయండి, డబ్బులు పడవు. ఈ వారంలో రండి. నమస్కారం.