అడగకుండా వచ్చే లైబ్రరీలు

అందరికీ నమస్కారం.

లైనక్స్ రకాల్లో ఒకటైన డెబియన్‌లో ఏదో చిన్న ప్రోగ్రామ్ కావాలని, ప్రోగ్రామ్‌లను తెచ్చిపెట్టే ఆప్ట్‌ని అడుగుతాం. దాని వెనకాల ఇంకో పాతిక ప్యాకేజీలు వస్తాయని చెబుతుంది. చదవకుండా ఎంటర్ కొట్టేస్తాం. ఆ జాబితాలో కనిపించే కొన్ని పేర్ల మీద డెబియన్ డెవలపర్లు ఏళ్ల తరబడి పోట్లాడుకున్నారు. నేను కోరని ప్యాకేజీ ఇంకోదాని వెంట ఎందుకు రావాలి అని ఆ పోట్లాటలో ఓడినవాళ్లు అడిగారు. ఆ ప్రశ్న సరైనదేనని నా గట్టి నమ్మకం.

సిస్టమ్‌డీ 2010లో బయటికొచ్చింది. సిస్టమ్‌కి గుండెకాయ లాంటి కెర్నెల్ లేచాక మొదట నడిచేది, మిగతా సర్వీసులన్నిటినీ మొదలుపెట్టేది ఇదే. ఇలాంటి ప్రోగ్రామ్‌ని ఇనిట్ అంటారు. పాత షెల్ స్క్రిప్టులతో విసిగిపోయినవాళ్లకి ఇది నిజంగా మేలు చేసింది. చిక్కంతా లాగిన్‌డీ దగ్గర వచ్చింది. ఎవరు లాగిన్ అయ్యారో చూసుకునే ఈ భాగం సిస్టమ్‌డీలోనే ఉంది, గ్నోమ్ అనే డెస్క్‌టాప్ దాన్ని వాడుకోవడం మొదలుపెట్టింది. దాంతో డెస్క్‌టాప్ మాత్రమే కోరుకున్న మనిషికి ఇనిట్ కూడా మార్చుకోక తప్పని పరిస్థితి వచ్చింది.

ఏ ఇనిట్‌ని డిఫాల్ట్‌గా పెట్టాలన్న దాని మీద 2014 ఫిబ్రవరిలో డెబియన్ టెక్నికల్ కమిటీ రెండుగా చీలిపోయింది. చివరికి అధ్యక్షుడి ఓటుతో సిస్టమ్‌డీ డిఫాల్ట్ అయింది. ఏ ప్యాకేజీ అయినా ఒక్క ఇనిట్‌కే కట్టుబడి ఉండకూడదని కమిటీ సభ్యుడు ఇయన్ జాక్సన్ పెట్టిన ప్రతిపాదన నవంబర్ ఓటింగ్‌లో నెగ్గలేదు. ఆయన కమిటీ నుంచి తప్పుకున్నారు. కొందరు విడిపోయి సిస్టమ్‌డీ లేని డెబియన్‌గా డెవువాన్ మొదలుపెట్టారు, దాని మొదటి స్థిరమైన విడుదల 2017లో వచ్చింది.

ఆ రోజుల్లో తిట్లు చాలా నడిచాయి, వాటి జోలికి నేను పోను. నాకు గౌరవం ఉన్నది ఈలాగిన్‌డీ రాసినవాళ్ల మీద. లాగిన్‌డీని సిస్టమ్‌డీ నుంచి విడదీసి, ఏ ఇనిట్‌తోనైనా నడిచేలా చేశారు. వద్దన్నవాళ్లు కూర్చుని పని చేశారు.

ఇక 2024 మార్చి. దూరంలోని కంప్యూటర్‌లోకి వెళ్లడానికి వాడే ఎస్‌ఎస్‌హెచ్ లాగిన్ అర సెకను ఆలస్యమవుతోందేమిటని ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీరు తవ్వుకుంటూ వెళ్లారు. ఎక్స్‌జెడ్ కంప్రెషన్ లైబ్రరీలో ఎవరో దాచిపెట్టిన దొంగదారి బయటపడింది. ఆ లాగిన్ నడిపే ప్రోగ్రామ్ ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్‌కి ఆ లైబ్రరీతో పనే లేదు! మరి ఎలా చేరింది? "నేను సిద్ధం" అని సిస్టమ్‌డీకి కబురు పెట్టడానికి డెబియన్, ఫెడోరా లాంటి లైనక్స్‌ల వాళ్లు ఎస్‌ఎస్‌హెచ్ సర్వర్‌కి సిస్టమ్‌డీ లైబ్రరీని తగిలించారు. లాగ్‌లను కుదించడం కోసం ఆ లైబ్రరీకి ఎక్స్‌జెడ్ కావాలి. ఒక సాకెట్‌లోకి ఒక్క ముక్క రాసే పని కోసం ఇంత గొలుసు! దొంగదారి పెట్టింది సిస్టమ్‌డీ వాళ్లు కాదు, ఆ నింద వాళ్లపై వేయడం అన్యాయం. కంప్రెషన్ లైబ్రరీలను అవసరమైనప్పుడే లోడ్ చేసే మార్పు అప్పటికే వాళ్లు చేస్తున్నారు కూడా. కానీ ఆ గొలుసు అవసరమా అని ముందే ఎవరైనా గట్టిగా అడిగి ఉంటే, ఈ దాడికి ఆ దారి దొరికేది కాదు.

అదే ఏడాది జులైలో వచ్చిన ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్ 9.8లో ఆ కబురు పంపే కోడ్‌ని ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్ వాళ్లే సొంతంగా రాసుకున్నారు. సిస్టమ్‌డీతో పని జరుగుతూనే ఉంది, లైబ్రరీ అవసరం మాత్రం పోయింది.

మీలో ప్యాకేజీలు చేసేవాళ్లని నేను కోరేది ఇదే. కొత్త డిపెండెన్సీ, అంటే వెంట రావాల్సిన ఇంకో ప్యాకేజీ, చేర్చిన ప్రతిసారీ అది ఏ ఫంక్షన్ కోసమో మార్పుల చిట్టా అయిన చేంజ్‌లాగ్‌లో ఒక్క వాక్యం రాయండి. అది లేకపోయినా ప్రోగ్రామ్ నడుస్తుందంటే తప్పనిసరి ప్యాకేజీల జాబితా డిపెండ్స్‌లోంచి తీసి, ఉంటే మంచిదనే జాబితా రికమెండ్స్‌లో పెట్టండి. వద్దనుకున్నవాళ్లు వదిలేసుకుంటారు.